వారపత్రికలో పని చేయాలనుకునేవాళ్లు పీజీ రెండేళ్లూ ఎలా చదవాలి

మా చెల్లెలి కూతురు ఖమ్మంలో బీఏ పూర్తిచేసింది. రిజల్ట్ వచ్చిన రోజు సాయంత్రం ఫోన్ చేసి, "పెద్దమ్మా, నాకు పత్రికలో చేరాలనుంది. కానీ రోజూ యాక్సిడెంట్లూ ప్రెస్‌మీట్లూ రాసే పని కాదు. ఆదివారం పుస్తకంలో వస్తాయే, అలాంటివి రాయాలి. దానికి ఏ పీజీ చెయ్యాలి?" అని అడిగింది. అరగంట మాట్లాడాను. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే చెప్పినదానికంటే చెప్పనిదే ఎక్కువుంది. ఇరవై రెండేళ్లు వారపత్రికల్లో, ఆదివారం అనుబంధాల్లో డెస్క్ మీద, అంటే వచ్చిన రాతలను దిద్ది పేజీలు కట్టించే చోట, పనిచేశాను. ఇప్పుడు జర్నలిజం విద్యార్థులకు అప్పుడప్పుడూ గెస్ట్ క్లాసులు చెబుతున్నాను. ఇదే ప్రశ్న ఏటా ఎవరో ఒకరు అడుగుతుంటారు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందే తెలియాల్సిన సంగతి ఒకటుంది. 'మ్యాగజైన్ జర్నలిజం' అనే పేరు కోసం మన యూనివర్సిటీల్లో వెతక్కండి. చేరేది జర్నలిజం అండ్ మాస్ కమ్యూనికేషన్ ఎంఏలోనే. అందులో రిపోర్టింగ్, ఎడిటింగ్, రేడియో, టీవీ, ప్రకటనలు, ప్రజాసంబంధాలు, మీడియా చట్టాలు, పరిశోధనా పద్ధతులు అన్నీ ఉంటాయి. మ్యాగజైన్ వంతుకు ఒక పేపర్‌లో ఒకటి రెండు చాప్టర్లు వస్తే గొప్ప. మిగతాది ఆ రెండేళ్లలోంచి మీరే రాబట్టుకోవాలి. అది ఎలాగన్నదే నేను చెప్పగలిగింది.

ఎక్కడ చేరాలి

ఉస్మానియాలో జర్నలిజం శాఖ 1954 నుంచీ ఉంది. నేను చదివినప్పుడు డిగ్రీ తర్వాత ఒక ఏడాది జర్నలిజంలో బ్యాచిలర్ కోర్సు (బీసీజే), అది అయ్యాక ఇంకో ఏడాది మాస్టర్స్ (ఎంసీజే). ఇప్పుడు రెండేళ్ల పీజీకి సీపీగెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి చేరాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయం, తిరుపతిలోని పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం లాంటివాటికి ఏపీ పీజీసెట్ అనే ప్రవేశ పరీక్ష ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కమ్యూనికేషన్ ఎంఏకి సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి, చదువంతా ఇంగ్లిష్‌లో ఉంటుంది. చెన్నైలోని ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజంలో పీజీ డిప్లొమా కూడా ఇంగ్లిష్‌లోనే. ప్రాక్టికల్ పని బాగా చేయిస్తారు, ఫీజు మాత్రం మధ్యతరగతి ఇంటికి భారమే.

తెలుగులోనే రాయాలని తేల్చుకున్నవాళ్లకు నేను తెలుగు విశ్వవిద్యాలయం పేరు చెబుతాను. అక్కడ జర్నలిజం చదువుతూ పక్క శాఖల్లో సాహిత్యం, జానపద కళలు, భాషాశాస్త్రం చెప్పే అధ్యాపకుల దగ్గరికి నడిచి వెళ్లొచ్చు. ఫీచర్లు, అంటే రోజువారీ వార్తలు కాని పెద్ద వ్యాసాలు, రాసే మనిషికి అదొక పెన్నిధి. 1985లో పెట్టిన ఆ యూనివర్సిటీకి తెలంగాణ ప్రభుత్వం ఇప్పుడు సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టింది. ఆయన 1926లో గోలకొండ పత్రిక నడపడం మొదలుపెట్టారు. తెలంగాణలో కవులు లేరని ఎవరో అంటే, వాదన పెట్టుకోకుండా ఊరూరి నుంచీ కవుల వివరాలు తెప్పించి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వేశారు. ప్రత్యేక సంచిక అంటే ఏమిటని విద్యార్థులు అడిగితే నేను చెప్పే మొదటి ఉదాహరణ అదే. ఒక ప్రశ్న పట్టుకుని, దానికి జవాబయ్యే మనుషులను వెతికి, అందరినీ ఒక పుస్తకంలో కూర్చోబెట్టడం.

పెద్ద దినపత్రికలకు సొంత జర్నలిజం స్కూళ్లున్నాయి. డిగ్రీ చాలు, శిక్షణలో స్టైపెండ్ ఇస్తారు, తర్వాత అక్కడే ఉద్యోగం. ఇంటి పరిస్థితి బాగాలేనివాళ్లకు అది మంచి దారి. ఎన్నేళ్లు పనిచేస్తామని సంతకం పెడుతున్నారో ఆ కాగితం మాత్రం ఇంట్లో పెద్దవాళ్ల ముందు కూర్చుని చదవండి.

ఎక్కడ చేరినా సరే, ఫీజు కట్టేముందు ఒకసారి ఆ శాఖకు వెళ్లి పోయినేడాది ల్యాబ్ జర్నల్ చూపించమని అడగండి. విద్యార్థులు రాసి, దిద్ది, పేజీలు కట్టే పత్రిక అది. తీసి చూపిస్తే చదవండి. అందులో క్యాంపస్ దాటి బయటికి వెళ్లి రాసిన వ్యాసాలెన్నో లెక్కపెట్టండి. కంప్యూటర్ ల్యాబ్‌లో పేజీలు కట్టే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్ ఉందా, డిసర్టేషన్ (చివర్లో రాసే పరిశోధనా వ్యాసం) బదులు పత్రిక తయారుచేసి చూపించే ప్రొడక్షన్ ప్రాజెక్టు చేయనిస్తారా అని సీనియర్లను అడగండి. ప్రాస్పెక్టస్‌లో ఇవేవీ ఉండవు.

ఉద్యోగాలు ఎక్కడున్నాయో నిజం తెలుసుకుని దిగండి

నేను చేరేనాటికి బస్టాండ్ పుస్తకాల షాపులో తాడుకు వరసగా వేలాడే వారపత్రికలు ఇప్పుడు లేవు. కరోనా తర్వాత చాలా అచ్చు పత్రికలు ఆగిపోయాయి. 1978లో మొదలైన చతుర, విపుల కూడా ఆగాయి. ఆ వార్త విన్న రోజు నాకు అన్నం సహించలేదు. అయినా పని లేదనడం సరికాదు. పని చోటు మారింది. దినపత్రికల ఆదివారం పుస్తకాలు, రోజూ వచ్చే మహిళల పేజీ, ఆరోగ్యం పేజీ, చదువుల పేజీ, ఇవన్నీ మ్యాగజైన్ రాతే. స్వాతి లాంటి వారపత్రికలు, వ్యవసాయ మాసపత్రికలు, టీటీడీ వారి సప్తగిరి, కేంద్ర ప్రభుత్వ యోజన తెలుగు సంచిక, స్వచ్ఛంద సంస్థల పత్రికలు, వెబ్ మ్యాగజైన్లు ఉన్నాయి. జర్నలిస్టు పి. సాయినాథ్ 2014లో మొదలుపెట్టిన పారి (పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా) వెబ్‌సైటులో గ్రామీణ భారతం మీద రాసిన పెద్ద కథనాలు తెలుగులోకి కూడా వస్తాయి. అనువాదం చేయగలిగినవాళ్లు అక్కడ చాలా నేర్చుకుంటారు. ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి నీటుగా తిప్పగలిగితే నెలకో రెండు నెలలకో ఒక చెక్కు వస్తూనే ఉంటుంది. కాబట్టి పీజీలో ఉండగానే అనువాదంలో చేయి తిరిగేలా చూసుకోండి.

క్లాసులో నేర్పేది, మీరు చేర్చుకోవాల్సింది

మొదటి సెమిస్టర్‌లో తలకిందుల పిరమిడ్ నేర్పుతారు. ముఖ్యమైన సంగతి ముందు, తక్కువ ముఖ్యమైంది చివర. దాన్ని శ్రద్ధగా నేర్చుకోండి. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఎలా అన్నవి రెండు వాక్యాల్లో చెప్పడం చేతకాని మనిషి నాలుగు పేజీలు రాస్తే చదవలేం.

ఆ తర్వాత, ఒకే సంగతిని రెండు రకాలుగా రాసే అభ్యాసం మొదలుపెట్టండి. నా క్లాసులో ఇచ్చే ఉదాహరణ చింతకింది మల్లేశం గారిది. ఆలేరు దగ్గర శారాజీపేటలో బడి మధ్యలో మానేసిన చేనేత కుటుంబం అబ్బాయి ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. దినపత్రికకు ఇది రెండువందల మాటలు. మ్యాగజైన్‌కు రాయాలంటే అసలు ఆసు పోయడమంటే ఏమిటో పాఠకుడి చేతికి తెలియాలి. పట్టుదారాన్ని ఒక కొస నుంచి ఎదురుగా అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ తిప్పి మళ్లీ వెనక్కి తేవాలి. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు అలా వెళ్లి రావాలి. ఆ పని ఇంటి ఆడవాళ్లది. మల్లేశం గారు తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక యంత్రం కోసం ఏళ్ల తరబడి పాట్లుపడి, 1999లో సాధించి, దానికి ఆమె పేరే పెట్టారు.

ఇప్పుడు విద్యార్థులను అడుగుతాను, మీ వ్యాసం ఎక్కడ మొదలవుతుంది? చాలామంది పద్మశ్రీతో మొదలుపెడతారు. ఒకరిద్దరు తల్లి భుజంతో మొదలుపెడతారు. ఒకసారి నల్గొండ అమ్మాయి ఒకతె, "మేడం, నేను వెళ్లి చేత్తో ఆసు పోసి చూసి, నా చెయ్యి ఎన్ని చుట్లకు లాగిందో అక్కడ మొదలుపెడతాను" అంది. చెప్పడమే కాదు, వెళ్లింది కూడా. ఆ అమ్మాయి ఇప్పుడు ఒక ఫీచర్ డెస్క్‌లో ఉంది.

ఇలా వారానికొక వార్త తీసుకుని, అదే సంగతిని పన్నెండువందల మాటల్లో రాయాలంటే ఇంకా ఎవరిని కలవాలి, ఏం చూడాలి, ఏ లెక్క కావాలి అని ఒక పేజీ రాసుకోండి. రాయకపోయినా ఫర్వాలేదు, ప్లాన్ వేయండి. ఏడాదికి యాభై ప్లాన్లు అవుతాయి. వాటిలో ఆరేడు తప్పకుండా రాయాలనిపిస్తాయి. అవి రాయండి.

ఒక సీజన్ ముందు బతకడం

దీని గురించి మాకు ఎవరూ చెప్పలేదు. దినపత్రిక మనిషి ఈ రోజులో ఉంటాడు. మ్యాగజైన్ మనిషి వచ్చే పండుగలో ఉండాలి. మా డెస్క్‌లో సంక్రాంతి ప్రత్యేక సంచిక పని దీపావళికే మొదలయ్యేది. ఉగాది సంచిక కథలు శివరాత్రికి కంపోజ్ అయి ఉండాల్సిందే.

నేను కొత్తగా చేరినప్పుడు ఏప్రిల్ మొదటి వారానికి ఆవకాయ మీద కవర్ స్టోరీ ఒప్పుకున్నాను. మార్చి మొదట్లో పేజీలు వెళ్లాలి. వ్యాసం రాశాను, ఫొటోలు లేవు. ఆవకాయకు పనికొచ్చే టెంక కట్టిన కాయ అప్పటికి మార్కెట్లో ఎక్కడ దొరుకుతుంది? ఎంత టెన్షన్ పడ్డానో చెప్పలేను. మా సీనియర్ బీరువా తెరిచి పోయినేడాది మే నెలలో తీయించి పెట్టిన కవరు ఒకటి ఇచ్చింది. కాయలు కొట్టే కత్తిపీట, ఆవపిండి కలిపిన జాడీ, నూనె పైకి తేలిన ముక్కలు, అన్నీ ఉన్నాయందులో. ఆ రోజు నుంచి నాకో అలవాటు. ఈ ఏడాది బతుకమ్మకు తీసిన ఫొటోలు వచ్చే ఏడాది కోసం. ఈ వానాకాలం నాట్లు వేసేవాళ్లతో మాట్లాడి పెట్టుకుంటే వచ్చే జూన్‌లో వ్యాసం.

చదువుకునేటప్పుడే ఇది మొదలుపెట్టండి. ఫోన్‌లో నెలల పేరుతో పన్నెండు ఫోల్డర్లు పెట్టుకోండి. సెలవులకు ఊరెళ్లినప్పుడు జాతర, కోత, పెళ్లి వంట, ఏది కనిపించినా ఫొటోతో పాటు నాలుగు వాక్యాలు అందులో వేయండి. రాసేటప్పుడు 'నిన్న', 'ఇటీవల', 'ఈ వారం' అనే మాటలు దగ్గరికి రానివ్వకండి. అచ్చయి పాఠకుడి చేతికి వెళ్లేసరికి అవి అబద్ధాలైపోతాయి.

పేర్లు

2003లో కొండపల్లి వెళ్లి బొమ్మలు చేసే అన్నదమ్ములిద్దరి మీద రాశాను. తెల్ల పొణికి చెక్కను ఎలా ఆరబెడతారో, చింతగింజల పిండి జిగురుతో ముక్కలు ఎలా అతుకుతారో అంతా శ్రద్ధగా రాసుకున్నాను. క్యాప్షన్‌లో మాత్రం అన్నగారి ఫొటో కింద తమ్ముడి పేరు పెట్టాను. రెండు నెలల తర్వాత ఆ దారిలో వెళుతూ వాళ్లింటికి వెళ్లాను. ఆ పేజీని గోడకు అంటించుకున్నారు. పెద్దాయన నన్ను చూసి సంతోషంగా టీ ఇచ్చారే తప్ప పేరు ఊసెత్తలేదు. నాకు ఆ టీ గొంతు దిగలేదు. ఆ గోడ మీద ఆయన జీవితంలో మొదటిసారి అచ్చయిన బొమ్మ కింద ఆయన పేరు లేదు.

అప్పటినుంచీ ఎవరితో మాట్లాడినా వాళ్ల పేరు వాళ్లచేతే నా నోట్‌బుక్‌లో రాయిస్తాను. రాయడం రానివాళ్లయితే ఇంట్లో చదువుకునే పిల్లలచేత రాయిస్తాను. పక్కనే ఫొటో నంబరు వేస్తాను. పంపేముందు ఫోన్ చేసి పేర్లు, వయసు, ఊరు, లెక్కలు చదివి వినిపిస్తాను. మీరూ మొదటి అసైన్‌మెంట్ నుంచే ఇలా చేయండి.

పదహారు పేజీల డమ్మీ

నాలుగు ఏ4 కాగితాలు తీసుకుని ఒకదానిమీద ఒకటి పెట్టి మధ్యకు మడవండి. పదహారు పేజీల చిన్న పుస్తకం అవుతుంది. ఏ పేజీలో ఏది వస్తుందో ముందే చూసుకునే ఈ నమూనానే డమ్మీ అంటాం. పెన్సిల్‌తో ఒకటి నుంచి పదహారు దాకా అంకెలు వేసి, ఇప్పుడు విప్పి చూడండి. ఒకటో పేజీ పక్కన పదహారో పేజీ, రెండో పేజీ పక్కన పదిహేనో పేజీ ఉంటాయి. పక్కపక్కనే ఉన్న ఎనిమిదీ తొమ్మిదీ మాత్రం ఒకే కాగితం మీద ఉంటాయి. అదే సెంటర్ స్ప్రెడ్. రెండు పేజీల మీద పరిచే పెద్ద ఫొటో అక్కడ పెడితే అతుకు లేకుండా వస్తుంది. మిగతా చోట్ల రెండు సగాలు వేరువేరు కాగితాల మీద అచ్చవుతాయి, ఒక వెంట్రుక వాసి జరిగినా కనిపిస్తుంది. ఎక్కడైనా సరే మనిషి ముఖం మడతలో పడకూడదు.

మీ బ్యాచ్ ల్యాబ్ జర్నల్‌లో ఒక్క సంచికనైనా టాబ్లాయిడ్‌గా (చిన్న సైజు దినపత్రికలా) కాకుండా మ్యాగజైన్‌గా వేద్దామని అధ్యాపకులను అడగండి. ఎక్కువమంది ఒప్పుకుంటారు, విద్యార్థులే అడగరు. ఒప్పుకుంటే డమ్మీ మీ చేతిలోకి తీసుకోండి. ఏ పేజీలో ఏది, ఎన్ని మాటలు, ఎన్ని ఫొటోలు అని రాయండి. వరసగా రెండు బరువైన వ్యాసాలు వస్తే మధ్యలో తేలికది పెట్టండి. ఒకరు వ్యాసం ఇవ్వకుండా ఎగ్గొడతారు, ఆ పేజీకి వేరేది సిద్ధంగా ఉంచుకోండి. మా డెస్క్‌లో దాన్ని బ్యాంక్ అనేవాళ్లం. రెండు మూడు వ్యాసాలు ఎప్పుడూ బ్యాంకులో ఉండాలి.

టైపింగ్ యూనికోడ్‌లో నేర్చుకోండి. కానీ చాలా అచ్చు ఆఫీసుల్లో పేజీలు ఇంకా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలోనే కడతారు. కన్వర్ట్ చేసినప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి, కొన్ని అక్షరాలు మారిపోతాయి. అందుకే ప్రూఫ్, అంటే అచ్చుకు ముందు తప్పులు చూసుకునే ప్రతి, స్క్రీన్ మీద కాకుండా కాగితం మీద, బయటికి చదువుతూ చూడాలి. ఇద్దరు కూర్చుని ఒకరు చదువుతుంటే ఇంకొకరు అసలు ప్రతి చూడడం అన్నిటికంటే మేలు.

డిసర్టేషన్‌ను వృథా చేయకండి

'సోషల్ మీడియా ప్రభావం' అని వందమందికి ప్రశ్నాపత్రాలు పంచి పట్టికలు వేసిన డిసర్టేషన్లు నేను చాలా చూశాను. మార్కులు వస్తాయి, ఆ తర్వాత వాటిని తెరిచేవాళ్లు ఉండరు. మ్యాగజైన్ దారిలో వెళ్లేవాళ్లు ఆ నాలుగైదు నెలలు పాత పత్రికల మధ్య కూర్చోవాలని నా కోరిక. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో, సుల్తాన్‌బజార్‌లో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయంలో, వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనంలో పాత సంపుటాలున్నాయి. ఒక పత్రిక తీసుకోండి, ఒక్క ఏడాది తీసుకోండి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగానే మొదలుపెట్టారు, 1924లో భారతి మాసపత్రిక తెచ్చారు. ఆ భారతిలో ఒక సంవత్సరం సంచికలు పన్నెండూ చదివి, ఏ వ్యాసానికి ఎంత చోటిచ్చారు, బొమ్మలు ఎక్కడ వేశారు, పాఠకులు ఏ విషయంలో గొడవపడ్డారు, ప్రకటనలు ఎవరివి అని రాసుకుంటూ పోండి. మీ డిగ్రీకి డిసర్టేషన్ అవుతుంది, అందులోంచే రెండు మూడు మంచి వ్యాసాలు కూడా పుడతాయి. అన్నిటికీ మించి సంచిక అనేది ఎలా కూర్చబడుతుందో కంటికి పడుతుంది.

ఆ లైబ్రరీలకు వెళ్లేటప్పుడు కాలేజీ నుంచి ఉత్తరం తీసుకెళ్లండి. పాత కాగితం పెళుసుగా ఉంటుంది, పేజీ పైకొస పట్టుకుని నెమ్మదిగా తిప్పండి.

ఎడిటర్‌కు రాసే ఉత్తరం

రెండో ఏడాది మొదట్లోనే బయటి పత్రికలకు రాయడం మొదలుపెట్టాలి. 'నాకు రాయడమంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం, అవకాశం ఇవ్వగలరు' అనే ఉత్తరాలు నా డెస్క్‌కు వందల్లో వచ్చేవి. వాటికి ఏం జవాబివ్వాలో నాకు ఎప్పుడూ తెలిసేది కాదు. మా చెల్లెలి కూతురిచేత నేను రాయించిన ఉత్తరం ఇలా ఉంది.

"నమస్కారం. ఖమ్మం మార్కెట్ యార్డు దగ్గర మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్ల మీద వ్యాసం రాయాలనుకుంటున్నాను. మా ఇల్లు అక్కడికి నడిచే దూరం. రెండు రోజులు వాళ్లతో కూర్చున్నాను. ఘాటుకు చేతులు మండకుండా పని మొదలయ్యేముందు ఏం రాసుకుంటారో, ఇంటికెళ్లి పసిపిల్లను ఎత్తుకునేముందు ఏం చేస్తారో చూశాను. కూలి లెక్క అడిగి రాసుకున్నాను. వెయ్యి మాటలు, ఆరు ఫొటోలు ఇవ్వగలను. మిర్చి సీజన్ ఫిబ్రవరిలో జోరుగా ఉంటుంది కాబట్టి ఆ నెలకు పనికొస్తుందనుకుంటున్నాను. డిసెంబరు 15 లోపు పంపుతాను. నేను రాసిన ఒక వ్యాసం జతచేస్తున్నాను."

ఇందులో ఎవరి మీద, ఎక్కడ, ఎంత, ఎప్పటికి అన్నీ ఉన్నాయి. ఎడిటర్ చదవగానే పేజీ కళ్లముందు కనిపిస్తుంది. రెండు వారాలు చూసి జవాబు రాకపోతే ఒకసారి మర్యాదగా గుర్తుచేయండి. అప్పటికీ రాకపోతే వేరే పత్రికకు పంపండి. ఒకేసారి రెండు చోట్లకు పంపొద్దు. ఇద్దరూ వేస్తే ఆ ఇద్దరి దగ్గరా మీ మాట పోతుంది.

డబ్బు విషయం కూడా సిగ్గుపడకుండా అడగండి. ఎంత ఇస్తారో, ఎప్పుడిస్తారో వ్యాసం రాయకముందే తెలియాలి. నా మొదటి వ్యాసానికి నూట యాభై రూపాయలు మనియార్డర్ వచ్చింది, ఊరికి పోయొచ్చిన బస్సు చార్జీలు అంతకంటే ఎక్కువయ్యాయి. ఉద్యోగం దొరికేదాకా ఫ్రీలాన్స్ మీదే బతకాలంటే కష్టం. అనువాదమో, పాఠాలు చెప్పడమో పక్కన పెట్టుకోవాలి.

చివరి సెమిస్టర్‌లో ఇంటర్న్‌షిప్‌కు పెద్ద పేరున్న టీవీ చానల్ వైపు క్లాసంతా పరిగెడుతుంది. మీరు ఆదివారం అనుబంధమో, చిన్న మాసపత్రికో అడగండి. నలుగురే ఉండే డెస్క్‌లో మొదటి వారమే మీ చేతికి ప్రూఫులొస్తాయి, రెండో వారం పాఠకుల ఉత్తరాలు దిద్దమంటారు, నెల తిరిగేసరికి ఒక పేజీ మీదే. ఆ పత్రిక రెండో పేజీలో అడుగున సంపాదకుడు, ముద్రాపకుడు, ప్రచురణకర్త పేర్లు చిన్న అక్షరాల్లో ఉంటాయి చూడండి. పత్రికల రిజిస్ట్రేషన్‌కు ఉన్న 1867 నాటి చట్టం తీసేసి, 2023లో చేసిన కొత్త చట్టాన్ని 2024 మార్చి నుంచి అమలు చేస్తున్నారు. రేపు మీరే ఒక చిన్న పత్రిక పెట్టాలనుకుంటే అడగాల్సిన ప్రశ్నలన్నీ ఆ డెస్క్‌లో ఉండగానే అడిగేయండి.

ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు మార్కుల జాబితాలతో పాటు ఒక పలచని ఫైలు పట్టుకెళ్లండి. అందులో అచ్చయిన వ్యాసాలు ఐదు, మీరు కట్టిన డమ్మీ ఒకటి, మీ చేత్తో దిద్దిన ప్రూఫ్ కాగితం ఒకటి ఉంటే చాలు. నేను ఎవరినైనా తీసుకోవాలంటే ముందు ఆ ప్రూఫ్ కాగితమే తీసి చూసేదాన్ని.